పాత కంప్యూటరు – మార్చిన షెల్లు

2021లో ఫ్లైఓవరు తెరచినప్పటినుండి బాలానగర్ చౌరస్తాను పైనుండి దాటిపోవువారికి క్రింది సందులలోని కార్ఖానాల చప్పుడు అంతగా వినబడదు. దిగి నడచినవారికి మాత్రము అది వెనుకటివలెనే వినబడును. లేతు, మిల్లింగు యంత్రము, గ్రైండరు, ఒక్కొక్క షెడ్డులో రెండో మూడో యంత్రములు, నలుగురైదుగురు పనివారు, గోడకు వ్రేలాడు నూనె మరకల డ్రాయింగులు. డైలు, మోల్డులు, జిగ్గులు, ఫిక్స్చర్లు ఇచ్చట తయారగును. హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి విభాగము 1965లో ఇచ్చట నెలకొన్నది. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో భారత ప్రభుత్వము ఇచ్చటనే సి.ఐ.టి.డి.ని స్థాపించినది. పనిముట్లను రూపొందించు విద్యను నేర్పుటకు ఏర్పడిన సంస్థ యది. మూతపడిన ఐ.డి.పి.ఎల్. పేరు నేటికిని ఒక చౌరస్తాకు మిగిలియున్నది. ఇట్టి పెద్ద సంస్థల నీడలో చిన్న కార్ఖానాలు పెరిగినవి.

ఇచ్చటినుండి కొద్ది మైళ్ళ దూరములోనే 1998లో ప్రారంభమైన హైటెక్ సిటీ కలదు. అచ్చటి కంప్యూటరును మూడు నాలుగేండ్లకొకసారి మార్చుట పరిపాటి. బాలానగర్ సందులలో ముప్పదియేండ్లనాటి కంప్యూటరు ఇంకను కూలి చేయుచు కనబడును. దానిని చూచి నవ్వుకొనువారు ఒక సంగతి నెరుగరు. ఆ కంప్యూటరు దానికై అది నిలచియుండలేదు. లక్షల రూపాయల విలువగల మిల్లింగు యంత్రమునకు అది తోక. ఆ యంత్రముతో మాటలాడుటకు వ్రాసిన ప్రోగ్రాములు డాస్ అను పాత వ్యవస్థ క్రింద మాత్రమే నడచును. అవి కంప్యూటరు లోపలి పోర్టులను స్వయముగా చేతులతో తాకి పని చేయును. తరువాతి విండోస్ వ్యవస్థలు అట్లు తాకనీయవు. తోకను మార్చవలెనన్నచో ఏనుగును మార్చవలసి వచ్చును.

ఇటీవల చిన్న పరిశ్రమలను గూర్చిన కార్యక్రమమునకై యంత్రముల ధ్వనులను రికార్డు చేసికొనుటకు మేము అట్టి షెడ్డు నొకదానికి వెళ్ళితిమి. మేము వెళ్ళుసరికి ధ్వనియే లేదు. యంత్రము నిలచియున్నది. యజమాని మూడు ఉక్కు పలకలను బల్లపై వరుసగా పెట్టుకొని వానివైపే చూచుచుండెను. నాలుగు రంధ్రముల పలక లవి. రంధ్రములు చక్కగనే పడినవి, కాని పడవలసిన చోట పడలేదు. డ్రాయింగును కొనుగోలుదారు సవరించి, రంధ్రములను రెండు మిల్లీమీటర్లు జరిపియుండెను. యంత్రము మాత్రము సవరణకు ముందటి చోటులలోనే తొలచినది.

"నిన్నటిదాకా మంచిగనే నడిచింది సార్," అని ఆయన మాతో అనెను. "మా చెల్లె కొడుకొచ్చి కంప్యూటర్ల ఏదో కొత్తది ఎక్కించిండు. అప్పటిసంది పిచ్చి లేసినట్టు చేస్తున్నది."

కేబులు చెడినదని ఆపరేటరు అభిప్రాయము. వానకాలపు చెమ్మ యని ఎలక్ట్రీషియను మాట. యంత్రపు కంట్రోలు బోర్డునే మార్చవలెనని మరమ్మతుకు వచ్చిన వేరొకరు చెప్పి, వెల కూడ చెప్పిపోయిరి. ఆ వెల విన్న రాత్రి యజమానికి నిద్ర పట్టలేదట. అసలు దోషము కేబులులోను లేదు, చెమ్మలోను లేదు, బోర్డులోను లేదు. అది కంప్యూటరు తెరపై అట్టడుగున ఒక చిన్న పంక్తిగా వ్రాయబడియే యున్నది. దానిని చదివినవారు లేరు.

ఆ పంక్తిని అర్థము చేసికొనుటకు షెల్లు అనగా నేమో ముందు తెలియవలెను. షెల్లు అనగా పైపెంకు. మేము రేడియో స్టేషనువారము గనుక మాకు తెలిసిన పోలిక చెప్పెదము. స్టూడియోలో ప్రసంగించువాడు గాజుపలక ఆవల కంట్రోలు గదిలో కూర్చున్న వ్యక్తికి చేతితో సైగ చేయును. మీటలు నొక్కునది, రికార్డు పెట్టునది ఆ వ్యక్తియే. ప్రసంగకునికి మీటలతో పని లేదు, సైగ వచ్చిన చాలును. కంప్యూటరులో మనము టైపు చేయు ఆదేశము ఆ సైగవంటిది. దానిని చదివి, ఏ ప్రోగ్రామును పిలువవలెనో, ఏ ఫైలును కదలింపవలెనో నిర్ణయించు మధ్యవర్తియే షెల్లు. కంట్రోలు గదిలోని మనిషి మారి, వచ్చినవానికి అదే సైగ మరియొక అర్థమిచ్చునట్టి అలవాటున్నచో ఏమగునో ఊహించుకొనవచ్చును. స్టూడియో అదియే, మైక్రోఫోను అదియే, మాట మాత్రము దారి తప్పును.

డాస్ వ్యవస్థతో వచ్చిన సహజమైన షెల్లు పేరు కమాండ్.కామ్. 1981లో ఐ.బి.యమ్. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడినప్పటినుండి అది కలదు. ఫైళ్ళ జాబితా చూపు డిర్, నకలు తీయు కాపీ, చెరిపివేయు డెల్ అను ఆదేశములు డిస్కుపై విడిగా ఎచ్చటను కనబడవు. అవి షెల్లు కడుపులోనే యుండును. ఈ సంగతి సాధారణముగా ఎవరును గమనింపరు. షెల్లును మార్చినచో డిర్ మారును, కాపీ మారును, డెల్ మారును. పేర్లు మాత్రము మారవు. చిక్కంతయు ఆ పేర్లు మారకపోవుటలోనే యున్నది.

షెల్లును మార్చవలెనను కోరిక జనులకు ఏల కలిగినదని అడుగవచ్చును. కమాండ్.కామ్ సేవకుడే గాని మతిమరపు సేవకుడు. తొలిదినములలో అంతకుముందు టైపు చేసిన ఆదేశమును బాణపు మీటతో తిరిగి రప్పించుట దానికి చేతగాదు. 1991లో వచ్చిన అయిదవ డాస్‌లో అందుకై వేరొక సహాయక ప్రోగ్రామును జోడింపవలసి వచ్చినది. అంతకు రెండేండ్ల ముందే, 1989లో, రెక్స్ కాన్, టామ్ రాసన్ అనువారు జె.పి. సాఫ్ట్‌వేర్ తరఫున ఫోర్‌డాస్ అను షెల్లును వెలువరించిరి. పాత ఆదేశములను గుర్తుంచుకొనుట, పొడవైన ఆదేశములకు ముద్దుపేర్లు పెట్టుకొనుట, ఫైలు ప్రక్కన ఒక వివరణ వ్రాసికొనుట, జాబితాను రంగులలో చూపుట, ఇవన్నియు దానికి వచ్చును. నార్టన్ యుటిలిటీస్ అను ప్రసిద్ధమైన ప్రోగ్రాముల పెట్టెలో ఇదియే ఎన్‌డాస్ అను పేరుతో కొంతకాలము లభించినది. 2006లో ఫోర్‌డాస్‌ను ఉచితముగా విడుదల చేసిరి. దానిని కొందరు అభిమానులు 2009 వరకు సవరించుచు వచ్చిరి. ఈ కార్ఖానాలో మేనల్లుడు ఎక్కించినది దీనినే. కుర్రవానిని తప్పుపట్టుటకు వీలులేదు. ఆపరేటరు దినమునకు నూరుసార్లు ఒకే ఆదేశమును టైపు చేయుట చూచి, ఆ శ్రమను తగ్గింపగోరెను.

ఇప్పుడు పలకల కథకు వత్తము. ఇంజినీరింగు డ్రాయింగులో సవరణ జరిగినచోట చిన్న త్రికోణము గీసి, అందులో సవరణ అంకెను వేయుట వాడుక. ఈ షెడ్డులోని ఆపరేటరు కంప్యూటరు మీటలలో త్రికోణమును పోలిన గుర్తునకై వెదకి, టోపీవంటి ^ అను గుర్తును ఎన్నుకొనెను. పలక మొదటి ప్రోగ్రాము పేరు ప్లేట్. రెండవ సవరణ పేరు ప్లేట్^2. ఎంతో తెలివియైన పద్ధతి. డాస్‌లో ఫైలు పేరునందు ఆ గుర్తు చెల్లును, కమాండ్.కామ్ దానిని తక్కిన అక్షరములతో సమానముగా చూచును. అందువలన సంవత్సరముల తరబడి ఏ చిక్కును రాలేదు.

ఫోర్‌డాస్‌కు మాత్రము ఆ టోపీ గుర్తు అక్షరము కాదు. అది రెండు ఆదేశములను ఒకే పంక్తిలో వ్రాసినప్పుడు వాని నడుమ పెట్టు గోడ. ఆపరేటరు వెనుకటివలెనే "సెండ్ ప్లేట్^2" అని టైపు చేసెను. సెండ్ అనునది ప్రోగ్రామును సీరియల్ కేబులు ద్వారా యంత్రమునకు పంపు చిన్న బ్యాచ్ ఫైలు. కొత్త షెల్లు ఆ పంక్తిని గోడవద్ద రెండుగా చీల్చినది. మొదటి ముక్క "సెండ్ ప్లేట్". ఆ పేరుగల ఫైలు డిస్కుపై ఉండనే యున్నది, అది సవరణకు ముందటిది. దానిని నిస్సంకోచముగా యంత్రమునకు పంపినది. రెండవ ముక్క "2". ఆ పేరుతో ఏ ప్రోగ్రామును లేదు గనుక "అన్‌నోన్ కమాండ్" అని దిగువన ఒక పంక్తి వ్రాసి ఊరకున్నది. అప్పటికే యంత్రము కదలుచుండెను. కదలుచున్న యంత్రమును విడచి తెర నెవరు చూచెదరు?

ఏదియు జరుగకపోయి యున్నచో ఇంత నష్టము లేకపోయెడిది. ఫైలు దొరకలేదని చెప్పియున్నచో ఆపరేటరు ఆగియుండెడివాడు. పని జరిగినది, కాని వేరొక పని జరిగినది.

ఇంకొక సంగతి విన్నప్పుడు మాకు నిజముగా గుండె జల్లుమన్నది. మేము వెళ్ళుటకు కొంచెము ముందు ఆపరేటరు, ఆ సవరణ ఫైలే చెడినదని తలచి, దానిని చెరిపివేసి తిరిగి వ్రాయబోయెనట. డెల్ ఆదేశమునకు కూడ ఆ గోడ గోడయే. "డెల్ ప్లేట్^2" అన్నచో ముందు "డెల్ ప్లేట్" జరుగును. ప్లేట్ అనునది ఫైలు గాక అదే పేరుగల డైరెక్టరీ యైనచో, అందులోని ఫైళ్ళన్నిటిని చెరిపెదనా యని షెల్లు ప్రశ్నించును. ఈ కంప్యూటరులో ఒక మూలపు డిస్కుభాగమందు సరిగా ఆ పేరుతోనే ఒక డైరెక్టరీ కలదు. అందులో ఇన్నేండ్లుగా వ్రాసికొనిన పలకల ప్రోగ్రాములన్నియు ఉన్నవి. ఇట్టి ప్రశ్న వచ్చినప్పుడు చేయి అలవాటుగా వై మీట మీదికే పోవును. ఆ సమయమున టీ వచ్చినందున ఆపరేటరు లేచిపోయెను. ఆ టీ కుర్రవానికి కార్ఖానా ఋణపడియున్నది.

దీనికి మందు రెండు విధములు. ఫోర్‌డాస్ ఆరంభమగునప్పుడు ఫోర్‌డాస్.ఐ.ఎన్.ఐ. అను చిన్న ఫైలును చదువును. అందులో కమాండ్‌సెప్ అను పంక్తి వ్రాసి, గోడగా వాడు గుర్తును మార్చవచ్చును. లేదా ఫైళ్ళ పేర్లనే మార్చవచ్చును. మేము రెండవదియే మేలని చెప్పితిమి. ఏలయన షెల్లును మరల మార్చినను, డిస్కును వేరొక కంప్యూటరునకు తగిలించినను అక్షరములు, అంకెలు మాత్రమే గల పేరు ఎచ్చటనైనను చెల్లును. పేర్లు మార్చుటకు మాత్రము ముందు పాత షెల్లును పిలువవలసియుండెను. కొత్తదానితో ఆ పేర్లను పలుకుటయే ప్రమాదము గదా.

షెల్లు మార్చిన కంప్యూటరులో వింత కనబడినప్పుడు తొలుత అడుగవలసిన ప్రశ్న ఒకటియే: ఇప్పుడు నా మాట వినుచున్న దెవరు? వెర్ అని టైపు చేసినచో షెల్లు తన పేరును, సంఖ్యను చెప్పును. అంతకంటె సులభమైన ఉపాయము మరియొకటి కలదు. అర్థము లేని పద మేదైన టైపు చేయవలెను. "బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్" అని బదులు వచ్చినచో వినుచున్నది కమాండ్.కామ్. "అన్‌నోన్ కమాండ్" అని, మనము టైపు చేసిన పదమునే కొటేషను గుర్తులలో తిరిగి చూపినచో అది ఫోర్‌డాస్. తిట్టు మాటలో యాసను బట్టి మనిషి ఊరు చెప్పుట వంటిది ఈ పరీక్ష.

ఈ ప్రశ్న ఏల ముఖ్యమనగా, ఒకే కంప్యూటరులో ఇద్దరు ముగ్గురు శ్రోతలు దాగియుండవచ్చును. డాస్ ఆరంభమగునప్పుడు కాన్ఫిగ్.సిస్ అను ఫైలును చదివి, అందులో షెల్ అను పంక్తి ఏ ప్రోగ్రామును పేర్కొన్నదో దానిని ద్వారమున నిలుపును. ఇది మొదటి నియామకము. రెండవది కామ్‌స్పెక్ అను పేరుతో జ్ఞాపకశక్తిలో వ్రాసియుండు చిరునామా. ఎడిటరువంటి ప్రోగ్రాము తన లోపలినుండి కొంతసేపు డాస్‌లోనికి పోనిచ్చునప్పుడు ఆ చిరునామాలోని షెల్లునే పిలుచును. మేనల్లుడు మొదటి పంక్తిని మార్చెను. కాని ఆటోఎగ్జెక్.బ్యాట్ అను ఫైలులో ఎప్పుడో ఎవరో వ్రాసిన పాత పంక్తి కామ్‌స్పెక్‌ను తిరిగి కమాండ్.కామ్ వైపే త్రిప్పుచుండెను. దాని ఫలితముగా ముఖ్యమైన తెరవద్ద టైపు చేసినప్పుడు ఒక షెల్లు, ఎడిటరు లోపలినుండి టైపు చేసినప్పుడు మరియొక షెల్లు వినుచుండెను. "ఒక్కోసారి మంచిగ పోతది, ఒక్కోసారి పోదు సార్" అని ఆపరేటరు చెప్పిన దానిని అంతవరకు ఎవరును నమ్మలేదు. అతడు చెప్పినది అక్షరాల నిజము. ఎడిటరులోనుండి పంపినప్పుడు సరియైన ప్రోగ్రాము పోయినది, బయటినుండి పంపినప్పుడు తప్పు ప్రోగ్రాము పోయినది. మరమ్మతులు చేయువారు పనివాని మాటను ఇంత తేలికగా త్రోసిపుచ్చుట మాకు నచ్చలేదు.

షెల్ పంక్తిని వ్రాయుటలో మరియొక పొరపాటు సాధారణము. ఆ పంక్తి చివర వాలుగీత గీసి పి అను అక్షరము వ్రాయవలెను. ఇది శాశ్వత నియామకమని దాని అర్థము. దానిని మరచినచో ఆటోఎగ్జెక్ ఫైలు నడువదు. మౌసు పలుకదు, ప్రోగ్రాములు ఎచ్చట నున్నవో చెప్పు దారి దొరకదు, డిస్కు చెడినదని అందరును భయపడుదురు. షెల్లు ఉన్న డైరెక్టరీ పేరును తప్పు వ్రాసినను, స్థలము కలిసివచ్చునని ఎవరైన ఆ డైరెక్టరీని చెరిపినను ఇంకను ఘోరము. కమాండు ఇంటర్‌ప్రెటరు చెడినది లేదా కనబడలేదు అని తెరపై వచ్చి కంప్యూటరు ఆగిపోవును. ఆరవ డాస్‌లో ఇట్టి సమయమున సరియైన పేరు చెప్పుమని అదే అడుగును. మూల డైరెక్టరీలోని కమాండ్.కామ్ పేరును, దాని వెనుక వాలుగీత పి ని టైపు చేసినచో తలుపు తెరచుకొనును. కొత్త షెల్లు వచ్చినదని పాతదానిని చెరిపివేయరాదనుటకు ఇంతకంటె కారణము వలదు.

ఆ పాతది కూడ సరియైన పాతదై యుండవలెను. కమాండ్.కామ్ తన డాస్ సంఖ్యకు మాత్రమే కట్టుబడియుండును. వేరొక కంప్యూటరునుండి తెచ్చి పెట్టినచో "ఇన్‌కరెక్ట్ డాస్ వెర్షన్" అని మొరాయించును. ఈ షెడ్డులో అట్టి ఫైళ్ళు రెండు కనబడినవి, రెండిటి పరిమాణములు వేరు. ఒకదాని పుట్టుక ఎవరికిని తెలియదు.

చిన్న వింతలు ఇంకను కలవు. శాతపు గుర్తు % సంగతి మిల్లింగువారికి ముఖ్యము, ఏలయన వారి ప్రోగ్రాములకు మొదటి పంక్తియు చివరి పంక్తియు సాధారణముగా ఆ గుర్తే. ఆ గుర్తుతో మొదలగు పదమును మారురాశిగా గ్రహించి, దాని విలువను అచ్చట నిలుపుట షెల్లుల పద్ధతి. కమాండ్.కామ్ ఈ పని బ్యాచ్ ఫైళ్ళలో మాత్రమే చేయును. ఫోర్‌డాస్ మనము తెరపై నేరుగా టైపు చేసినప్పుడు కూడ చేయును. కనుక ఆ గుర్తు గుర్తుగానే నిలువవలెనన్నచో దానిని రెండుసార్లు వ్రాయవలెను. మారురాశులకు కేటాయించిన స్థలము చాలకపోయినప్పుడు వచ్చు ఫిర్యాదు రెండు షెల్లులకును సమానమే. దానిని పెంచు పంక్తి మాత్రము ఒక దానికి కాన్ఫిగ్ ఫైలులో, రెండవదానికి దాని సొంత ఐ.ఎన్.ఐ. ఫైలులో ఉండును. ఒకచోట పెంచి రెండవచోట ఫలితము కొరకు ఎదురుచూచువారిని మేము చూచితిమి.

ఫోర్‌డాస్ వేరొక ప్రోగ్రామును నడపునప్పుడు తాను ప్రక్కకు తొలగి, చిన్న ముక్కను మాత్రము కాపలా ఉంచి, తక్కిన దేహమును అదనపు మెమరీలోనో డిస్కుపైననో దాచుకొనును. దీనివలన 640 కిలోబైట్ల ఇరుకు గదిలో పెద్ద ప్రోగ్రాములకు చోటు మిగులును. ఇది దాని ఘనత. అయితే అదనపు మెమరీని నిర్వహించు హైమెమ్ అను డ్రైవరు కాన్ఫిగ్ ఫైలులో లేకున్నచో అది డిస్కునే ఆశ్రయించును. ప్రతి ప్రోగ్రాము ముగిసినప్పుడెల్ల ముసలి డిస్కు గిరగిర తిరుగును. కంప్యూటరు నెమ్మదించినదని ఫిర్యాదు వచ్చినచో అచ్చట చూడవలెను. అట్లే, మొత్తముగా మెమరీలోనికి చదువబడు బి.టి.ఎమ్. అను తరహా బ్యాచ్ ఫైళ్ళు వేగముగా నడచును. కాని మెమరీలో తిష్ఠవేసి యుండు ప్రోగ్రాములను ఎక్కించుటకు అవి తగవు. అందుకు మామూలు బ్యాచ్ ఫైలే శరణ్యము.

ఫ్రీడాస్‌ను వాడువారిని గూర్చి ఒక మాట. మైక్రోసాఫ్ట్ వారు డాస్‌ను విరమించుకొనుచున్నారని తెలిసి, జిమ్ హాల్ అను అమెరికా విద్యార్థి 1994 జూన్ 29న అట్టి వ్యవస్థనే అందరి కొరకు వ్రాయుదమని ప్రకటించెను. ఆ పని నేటికిని సాగుచున్నది, 1.4 వ రూపము 2025 ఏప్రిలులో వెలువడినది. దాని సొంత షెల్లు పేరు ఫ్రీకామ్. పాత డాస్ దొరకని చోట దీనిని ఎక్కించుట నేడు పెరుగుచున్నది, అది మంచిదే. కాని ఫ్రీడాస్ మొదట ఎఫ్.డి.కాన్ఫిగ్.సిస్ అను ఫైలును వెదకును. అది దొరికినచో కాన్ఫిగ్.సిస్ వంక కన్నెత్తియు చూడదు. అనుభవముగల పెద్దలే పాత అలవాటు చొప్పున కాన్ఫిగ్.సిస్‌ను దిద్ది, తిరిగి ఆరంభించి, ఏ మార్పును కనబడక, మరల దిద్ది పూటలు గడుపుదురు. దిద్దుబాటులో తప్పు లేదు. ఉత్తరము ఖాళీ ఇంటికి పోయినది, అంతే.

షెల్లు చేయని నేరములు కూడ దాని నెత్తిన పడుచుండును. పాత కంప్యూటరు చెడి, దాని స్థానమున కొంచెము వేగముగల దానిని తెచ్చి పెట్టినప్పుడు టర్బో పాస్కల్‌లో వ్రాసిన పాత ప్రోగ్రాములు కొన్ని "రన్‌టైమ్ ఎర్రర్ 200" అని ఆరంభమునందే కూలును. కాలమును కొలుచుటకు వ్రాసిన లెక్క వేగమైన ప్రాసెసరుపై హద్దు మీరుటయే దానికి కారణము. ప్రోగ్రాము పంపుచుండగా సగములో ఆగినచో కేబులులోని నిలుపు–పంపు సంకేతముల తీగెలను చూడవలెను. యంత్రము చాలునన్నను కంప్యూటరు వినక పంపుచుండును. బ్యాచ్ ఫైలును లినక్సు కంప్యూటరులో దిద్ది తెచ్చినప్పుడు పంక్తుల చివరి గుర్తులు వేరగుటచే డాస్ తికమకపడును. హైటెక్ సిటీలో ఉద్యోగము చేయు పిల్లలు సెలవుదినమున వచ్చి సాయము చేసిన తరువాత ఈ జబ్బు ఎక్కువగా కనబడును. వారి మంచితనమును మేము శంకించుట లేదు.

కంప్యూటరు అసలు లేవనప్పుడు ఆరవ డాస్ వారికి రెండు మీటలు గుర్తుండవలెను. "స్టార్టింగ్ ఎమ్.ఎస్. డాస్" అను మాట తెరపై కనబడిన వెంటనే ఎఫ్.5 నొక్కినచో కాన్ఫిగ్, ఆటోఎగ్జెక్ ఫైళ్ళ రెండిటిని విడచి, మామూలు కమాండ్.కామ్‌తో లేచును. ఎఫ్.8 నొక్కినచో ఒక్కొక్క పంక్తిని చూపి, దీనిని నడుపుమందురా యని అడుగును. ఏ పంక్తివద్ద కూలునో అదియే దోషి. ఈ రెండు మీటలును 1993లో ఆరవ డాస్‌తో వచ్చినవి. అంతకు పూర్వపు డాస్ గలవారు ఆరంభపు ఫ్లాపీని భద్రపరచుకొనవలెను, దానిపై తమ డాస్‌కు చెందిన కమాండ్.కామ్ ఉండవలెను.

మేమును ఆ షెడ్డులో ఎఫ్.5 తోనే ఆరంభించితిమి. పాత షెల్లు లేచినది. మొట్టమొదట చేసిన పని మరమ్మతు కాదు, నకలు. డిస్కులోని ప్రోగ్రాములన్నిటిని వేరొక డిస్కునకు ఎత్తితిమి. ఇన్నేండ్లలో అట్టి నకలు ఒక్కసారియు తీయలేదట. టోపీ గుర్తుగల ఫైళ్ళు నలుబదికి పైగా తేలినవి. ఆపరేటరు తానే కూర్చుండి ఒక్కొక్కదాని పేరులో టోపీ తీసి ఆర్ అను అక్షరము పెట్టుచుండగా, యజమాని ప్రక్కన నిలచి డ్రాయింగులతో సరిచూచెను. మొదటి రూపములను, అనగా సవరణ అంకె లేని పాత ఫైళ్ళను, వేరొక డైరెక్టరీకి మార్చవలెనను ఆలోచన ఆయనదే. అట్లు మార్చినచో ఒకవేళ షెల్లు మరల పేరును చీల్చినను పంపుటకు దానికి పాత ఫైలు దొరకదు. మాకు తోచని మంచి ఆలోచన యది. తరువాత ఆటోఎగ్జెక్‌లోని పాత కామ్‌స్పెక్ పంక్తిని తొలగించితిమి. కొత్త షెల్లును ఉంచవలెనా తీసివేయవలెనా యని అడిగితిమి.

"ఉండనీయండి సార్, బాణం గుర్తు మంచిగున్నది," అని ఆపరేటరు నవ్వెను.

సాయంకాలము నాలుగు దాటిన తరువాత నాలుగవ పలకను బిగించిరి. ఆపరేటరు పేరు టైపు చేసి, ఎంటరు మీట నొక్కక మునుపు యజమాని వంక చూచెను. యజమాని తెర అట్టడుగు పంక్తి వంక చూచెను. అచ్చట ఏమియు లేదు. డ్రిల్లు దిగినది. మేము మైక్రోఫోనును దగ్గరకు జరిపితిమి.